బూటు పాదానికి తగ్గట్టు ఉందా?

పోలీసు, సైన్యం ఉద్యోగాలకు ప్రకటన వెలువడితే చాలు, తిరుపతి, చిత్తూరు మైదానాల్లో తెల్లవారకముందే యువతీయువకులు పరుగు మొదలుపెడతారు. 1600 మీటర్ల పరుగులో నెగ్గాలన్నదే వారి ధ్యాస. కానీ నెలల తరబడి కష్టపడి, తీరా పరీక్ష దగ్గరపడ్డాక కాలు కింద పెట్టలేని స్థితిలో ఆసుపత్రికి వచ్చేవారూ ఉంటారు. వారు ఎక్కడా పడలేదు, దెబ్బ తగల్లేదు. మరి ఈ నొప్పి ఎలా వచ్చింది?

చిన్న ఒత్తిడే, కానీ వేలసార్లు

1600 మీటర్లు పరుగెత్తితే పాదాలు సుమారు 1500 సార్లు నేలను తాకుతాయి. తాకిన ప్రతిసారీ శరీర బరువుకు రెండు మూడు రెట్ల భారం కాలిపై పడుతుంది. 60 కిలోల మనిషికి అది 120 నుంచి 180 కిలోలతో సమానం. దీనివల్ల ఎముకలో, నరంలో కంటికి కనిపించని చిన్న చిన్న నష్టాలు జరుగుతాయి. విశ్రాంతి దొరికితే శరీరమే వాటిని బాగుచేసుకుని మరింత గట్టిపడుతుంది. విశ్రాంతి లేకపోతే మొదట వాపు, తరువాత ఎముకలో సన్నని చీలిక వస్తాయి. ఈ చీలికనే స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటారు. మొదటి రెండు మూడు వారాల్లో తీసిన ఎక్స్‌రేలో ఇది కనిపించకపోవచ్చు.

రాయవేలూరు నేర్పిన పాఠం

ఈ సంగతిని లోకానికి వివరంగా చూపినవారిలో ఒకరు మన పొరుగునే పనిచేశారు. 1914లో తమిళనాడులోని కొల్లిమలైలో మిషనరీ దంపతులకు పుట్టిన డాక్టర్ పాల్ బ్రాండ్, 1946లో రాయవేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో చేరారు. కుష్ఠు రోగుల పాదాలకు పుండ్లు పడేది రోగం వల్ల మాంసం కుళ్లి కాదనీ, స్పర్శ లేని పాదంలో ఒకేచోట మళ్లీ మళ్లీ ఒత్తిడి పడటం వల్లేననీ ఆయన గుర్తించారు. అందుకే మెత్తని మైక్రోసెల్యులార్ రబ్బరు అట్టతో, పాదానికి తగ్గట్టు చెప్పులు తయారు చేయించారు. ఒకచోట పడే భారాన్ని పాదమంతా పంచడమే ఆ చెప్పు చేసే పని. ఎం.సి.ఆర్. చెప్పులుగా పేరుపడిన వీటిని నేటికీ కుష్ఠు, మధుమేహ రోగులకు ఇస్తున్నారు.

స్పర్శ ఉన్నవారు నొప్పి పుట్టగానే నడక మార్చుకుంటారు. నొప్పే వారికి కాపలా. నొప్పి మాత్ర మింగి మైదానానికి వెళ్లే యువకుడు ఆ కాపలాదారుణ్ణి తానే నిద్రపుచ్చుతున్నాడు.

బూటును ఇలా సరిచేసుకోండి

1. సాయంత్రం పూట కొనండి. అప్పటికి పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది. రెండు కాళ్లకూ తొడిగి, నిలబడి చూడండి. పొడవైన వేలికీ బూటు కొసకూ మధ్య బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి.

2. మడమ జారుతుంటే లేసును చివరి కన్నం దాకా ఎక్కించి బిగించండి. పాదం పైభాగం నొక్కుకుంటుంటే ఆ చోట ఒక కన్నం వదిలేసి లేసు కట్టండి.

3. కొత్త లోపలి అట్ట వేసేటప్పుడు పాతది తీసేయండి. రెండూ ఉంచితే బూటు ఇరుకవుతుంది.

4. ఆనె ఉన్నచోట భారం తగ్గించడానికి అట్టలో గుంట చేయవచ్చు. వేళ్ల మొదళ్లలో నొప్పి ఉంటే మెత్తని ప్యాడ్‌ను నొప్పి ఉన్నచోట కాదు, దానికి కాస్త వెనుక అతికించాలి. ఫిజియోథెరపిస్టు గుర్తుపెట్టి ఇస్తే బజారులో చెప్పులు కుట్టే అతనే ఈ పని చేసిపెట్టగలడు.

5. ఒకసారికి ఒక్క మార్పే చేయండి. మొదట నడకలో అలవాటు చేసుకుని, తరువాత పరుగెత్తండి.

6. 500 నుంచి 800 కిలోమీటర్లు తిరిగాక బూటు అట్ట మెత్తదనం పోతుంది. పైకి బాగానే కనిపించినా మార్చడం మంచిది.

ఖరీదైనదే కావాలా?

అవసరం లేదు. పాదం వంపును బట్టి బూట్లు కేటాయిస్తే గాయాలు తగ్గుతాయని చాలాకాలం నమ్మారు. అమెరికా సైన్యంలో శిక్షణ పొందుతున్నవారిపై జరిపి, 2009లో ప్రచురించిన పరిశోధనలో ఆ లాభం కనిపించలేదు. కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయం వారు 206 మంది సైనిక సిబ్బందిపై జరిపి, 2001లో ప్రచురించిన పరిశోధనలో మాత్రం, తమకు సుఖంగా ఉన్న అట్టను తామే ఎంచుకున్నవారికి నొప్పులు, స్ట్రెస్ ఫ్రాక్చర్లు తక్కువగా వచ్చాయి. కనుక ధర చూడకండి, మీ పాదం చెప్పేది వినండి.

ఎంత మంచి బూటైనా తొందరపాటును సరిచేయలేదు. పరుగు దూరాన్ని వారం వారం కొద్దికొద్దిగా పెంచండి. వారంలో ఒకటి రెండు రోజులు కాళ్లకు విశ్రాంతినివ్వండి.

వెంటనే డాక్టరుకు చూపించవలసినవి

ఎముక మీద వేలితో నొక్కితే ఒకేచోట నొప్పి, విశ్రాంతిలోనూ రాత్రిపూటా తగ్గని నొప్పి, వాపు, కుంటుతూ నడవడం. మధుమేహం ఉన్నవారు, పాదాల్లో తిమ్మిరి ఉన్నవారు బూటులో సొంతంగా ఏ మార్పూ చేయకూడదు. వారు రోజూ పాదాలను, తొడిగేముందు బూటు లోపలి భాగాన్ని పరీక్షించుకోవాలి.

ఉద్యోగ ప్రకటన మళ్లీ వస్తుంది. పట్టించుకోని చీలిక పూర్తిగా విరిగితే కాలు కోలుకోవడానికి నెలలు పడుతుంది. డాక్టరు వద్దకు వచ్చేటప్పుడు మీరు పరుగెత్తే బూట్లు కూడా తీసుకురండి. అట్ట ఎక్కడ అరిగిందో చూస్తే మీ పాదం భారం ఎక్కడ మోస్తోందో తెలుస్తుంది.