ఫ్యూజు కాలలేదు, వైరు కాలింది: పికప్ వాహనంలో అదనపు స్విచ్‌ల ప్యానెల్



ఈ పాఠాన్ని తెర మీద చూసినవారికి నా బల్ల మీద ఉంచిన కాలిన వైరు ముక్క గుర్తుండే ఉంటుంది. మూరెడు పొడవు. పైన ఉండవలసిన ఎర్రటి ప్లాస్టిక్ తొడుగు సగం మేర కరిగి, నల్లగా రాగికి అంటుకుపోయింది. లోపలి పోగులు రంగు మారాయి. దీన్ని తెచ్చి ఇచ్చినవాడు నా దగ్గర ఇంటర్మీడియట్‌లో భౌతికశాస్త్రం చదివిన కుర్రాడు. వాళ్ల నాన్నగారు పికప్ బండి మీద మదనపల్లె టమాటా మార్కెట్టు నుంచి సరుకు తోలుతారు. రాత్రిపూట తొట్టిలో పెట్టెలు సర్దుకోవడానికి వెనుక రెండు దీపాలు, క్యాబిన్‌లో చిన్న ఫ్యాను, పాటల సెట్టు, సెల్‌ఫోన్ ఛార్జరు కావాలని, వీటన్నిటికీ కలిపి నాలుగు స్విచ్‌ల ప్యానెల్ ఒకటి డ్యాష్‌బోర్డు కింద పెట్టించుకున్నారు. మూడు నెలలు బాగానే పనిచేసింది. ఒక రాత్రి ఘాట్ రోడ్డులో దిగుతుండగా బానెట్ సందుల్లోంచి పొగ లేచింది. సీటు కింద స్పానరు వెతికి, బ్యాటరీ టెర్మినల్ ఊడదీసే సరికి కుర్రాడి వేళ్లు బొబ్బలెక్కాయి. బండి మీద ఫైనాన్సు కంతులు ఇంకా సగం కూడా తీరలేదు.

"సార్, ఫ్యూజు పెట్టే ఉంది సార్. పదిహేను ఆంపియర్లది. అది చెక్కు చెదరలేదు. మరి వైరెలా కాలింది?" అని అడిగాడు.

మంచి ప్రశ్న. జవాబు పాఠం మధ్యలో వస్తుంది. ఈలోగా మీరూ ఆలోచిస్తూ ఉండండి.

12 వోల్టులు అంటే చిన్నచూపు వద్దు

పికప్ వాహనాలలో సాధారణంగా ఉండేది 12 వోల్టుల లెడ్-ఆసిడ్ బ్యాటరీ. పూర్తిగా ఛార్జి అయిన బ్యాటరీ, ఇంజను ఆపి ఉన్నప్పుడు దాదాపు 12.6 వోల్టులు చూపుతుంది. ఇంజను నడుస్తూ ఆల్టర్నేటరు ఛార్జి చేస్తుంటే 13.8 నుంచి 14.4 వరకు వెళ్తుంది. (పెద్ద లారీలలో 24 వోల్టులు ఉంటాయి. అదే దీపానికి ప్రవాహం సగమే చాలు కనుక వైర్లు సన్నగా ఉండవచ్చు.) పొడి చర్మానికి నిరోధం వేల ఓమ్‌లలో ఉంటుంది. అందుచేత ఈ బ్యాటరీ రెండు కొసలనూ చేత్తో తాకినా మనకు షాకు తెలియదు. అందువల్లే దీన్ని తేలిగ్గా తీసుకుంటారు.

షాకు కొట్టకపోవచ్చు గాని నిప్పు పెట్టగలదు. బ్యాటరీ అంతర్నిరోధం ఓమ్‌లో నూరో వంతు ప్రాంతంలో ఉంటుంది. ఇంజనును స్టార్టు చేయడానికి వందల ఆంపియర్లు ఒక్కసారిగా ఇవ్వాలి కాబట్టి దాన్ని అలాగే తయారుచేస్తారు. ఆ శక్తి స్టార్టరు మోటారుకు వెళ్తుందా, దారి తప్పిన సన్నటి వైరుకు వెళ్తుందా అన్న విచక్షణ బ్యాటరీకి లేదు.

ముందు లెక్క, తరువాత వైరు

జర్మన్ శాస్త్రజ్ఞుడు ఓమ్ తన నియమాన్ని 1827లో ప్రచురించాడు. మనకు ఇక్కడ కావలసింది అదీ, దానితోపాటు ప్రవాహం వర్గానికి అనులోమంగా వేడి పుడుతుందని చెప్పే జౌల్ నియమమూ. ఈ రెండూ మీ పాఠ్యపుస్తకంలో ఉన్నవే.

వెనుక దీపాలు ఒక్కొక్కటి 55 వాట్ల హాలోజన్‌వి అనుకుందాం. రెండింటికీ 110 వాట్లు. వాట్లను వోల్టులతో భాగిస్తే 9.2 ఆంపియర్లు. ఫ్యానుకు ఒకటిన్నర, పాటల సెట్టుకు 5, ఛార్జరుకు 2 వేసుకుంటే మొత్తం 18కి కొంచెం తక్కువ. ఇంజను ఆపి, రెండు దీపాలూ ఆరు గంటలు వెలగనిచ్చారనుకోండి. 55 ఆంపియర్-గంటలు ఖర్చవుతాయి. 60 ఆంపియర్-గంటల బ్యాటరీలో అప్పుడు మిగిలేదేమిటి? తెల్లవారి బండిని తోయడానికి నలుగురు మనుషులు కావాలి. అందుకే దీపాల స్విచ్‌కు సరఫరాను తాళం చెవి తిప్పితేనే వచ్చే తీగ నుంచి తీసుకోవడం మంచిది.

ఇక వైరు. రాగి నిరోధకతను బట్టి లెక్కిస్తే, 1 చదరపు మిల్లీమీటరు మందం గల వైరు మీటరుకు 0.0172 ఓమ్ నిరోధం చూపుతుంది. బ్యాటరీ నుంచి డ్యాష్‌బోర్డుకు, అక్కడి స్విచ్ నుంచి తొట్టి చివరకు 7 మీటర్లు పడుతుందనుకుంటే మొత్తం 0.12 ఓమ్. "అంతేనా?" అనిపిస్తుంది. 9.2 ఆంపియర్లతో గుణించండి: 1.1 వోల్టు. అంటే దీపానికి చేరేది 12 కాదు, 10.9 మాత్రమే.

ఇక్కడ ఒక విశేషం ఉంది. ఫిలమెంటు దీపపు కాంతి వోల్టేజితో సమానంగా తగ్గదు, అంతకంటే చాలా వేగంగా తగ్గుతుంది. సుమారుగా వోల్టేజి 3.4వ ఘాతానికి అనులోమంగా ఉంటుంది. 9 శాతం వోల్టేజి పోతే కాంతిలో నాలుగో వంతుకు పైగా పోతుంది. దీపం మసకగా ఉందని ఇంకా పెద్ద బల్బు తెచ్చి వేసేవాళ్లను నేను చూశాను. ప్రవాహం పెరిగి, వైరులో నష్టం ఇంకా పెరుగుతుంది. ఎల్.ఇ.డి. దీపాలకు ఇంతకంటే చాలా తక్కువ ప్రవాహం చాలు. అయితే వాటిలో చాలావాటికి లోపల ఒక నియంత్రక వలయం ఉంటుంది. వోల్టేజి తగ్గితే అది ప్రవాహాన్ని పెంచి అదే వెలుగును నిలబెడుతుంది. కనుక వైరు సన్నగా ఉన్న సంగతి కంటికి తెలియకుండా పోతుంది.

ఫ్యూజు ఎవరిని కాపాడుతుంది?

ఇప్పుడు మన కుర్రాడి ప్రశ్నకు వద్దాం. క్లాసులో ఎవరినడిగినా ఫ్యూజు దీపాన్ని కాపాడుతుందనో, రేడియోను కాపాడుతుందనో అంటారు. కాదు. ఫ్యూజు కాపాడేది వైరును. అదీ తన తరువాత ఉన్న వైరును మాత్రమే.

ఆ బండిలో బ్యాటరీ పాజిటివ్ నుంచి బయలుదేరిన వైరు, ఇంజను గదికి, క్యాబిన్‌కు మధ్యనున్న రేకులో చేసిన రంధ్రం గుండా లోపలికి వచ్చి, స్విచ్‌ల ప్యానెల్ వెనుక ఉన్న ఫ్యూజుకు చేరుతోంది. రంధ్రానికి రబ్బరు బుష్ లేదు. రేకు అంచు కత్తిలాంటిది. ఇంజను అదురు, గతుకుల రోడ్డు కలిసి మూడు నెలలపాటు ఆ అంచు మీద వైరును రుద్దాయి. తొడుగు అరిగి రాగి రేకును తాకింది. బండి బాడీ మొత్తం బ్యాటరీ నెగెటివ్‌కు కలిపి ఉంటుందని మీకు తెలుసు. దానితో వలయం అక్కడే పూర్తయింది. ప్రవాహం రంధ్రం దాకా వచ్చి అక్కడి నుంచే వెనక్కు మళ్లింది. ప్యానెల్ దగ్గరున్న ఫ్యూజు దాకా అది రానే లేదు. అందుకే ఫ్యూజు నిక్షేపంగా ఉంది.

ఎంత ప్రవాహమో చూద్దామా? వైరు 1.5 చదరపు మిల్లీమీటర్లది, రంధ్రం వరకు 2 మీటర్ల పొడవు. నిరోధం 0.023 ఓమ్. బ్యాటరీది 0.01 కలిపితే 0.033. 12.6ను దానితో భాగిస్తే దాదాపు 380 ఆంపియర్లు. తగులుకున్న చోటి నిరోధం వల్ల అది సగానికి పడిపోయిందనే అనుకుందాం. 190 ఆంపియర్లు. వర్గం చేసి వైరు నిరోధంతో గుణిస్తే 800 వాట్లకు పైనే. ఇస్త్రీ పెట్టెలో పుట్టేంత వేడి పుల్లంత వైరులో పుట్టింది. దాని తొడుగు నూరు డిగ్రీల చుట్టుపక్కలే మెత్తబడే ప్లాస్టిక్. పక్కనే డీజిల్ గొట్టం.

కాబట్టి ఫ్యూజు ఉండవలసిన చోటు బ్యాటరీ పక్కన, పాజిటివ్ టెర్మినల్‌కు జానెడు దూరంలో. ఆ జానెడు వైరుకు కూడా గట్టి తొడుగు వేయాలి. అక్కడ ఒక ప్రధాన ఫ్యూజు, మన లెక్కకు 30 ఆంపియర్లది. దాని వెనుక 6 చదరపు మిల్లీమీటర్ల వైరు. అక్కడి నుంచి ఒక్కొక్క శాఖకు విడి ఫ్యూజు: దీపాలకు 15, పాటల సెట్టుకు 10, చిన్నవాటికి 5. బ్లేడు ఫ్యూజుల రంగులు అంతటా ఒకటే: 10 ఎరుపు, 15 నీలం, 20 పసుపు, 30 ఆకుపచ్చ. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని నీలం తీసి ఆకుపచ్చ పెట్టేవారు వైరునే ఫ్యూజుగా మారుస్తున్నారన్నమాట.

స్విచ్‌కు బదులు రిలే

దీపాల ప్రవాహమంతా డ్యాష్‌బోర్డు స్విచ్ గుండా పోవలసిన అవసరం లేదు. ఇక్కడే విద్యుదయస్కాంతం పనికివస్తుంది. రిలే అంటే, చిన్న ప్రవాహంతో పెద్ద ప్రవాహాన్ని నడిపే స్విచ్. అమెరికా శాస్త్రజ్ఞుడు జోసెఫ్ హెన్రీ 1830ల దశకంలో ఇటువంటి ఏర్పాటుతో ప్రయోగాలు చేశాడు. ఆ తరువాత టెలిగ్రాఫు దీన్ని ఊరూరికీ చేర్చింది.

ఆటో విడిభాగాల దుకాణంలో దొరికే అగ్గిపెట్టెకన్నా చిన్న నల్లటి రిలేను తిప్పి చూడండి. కాళ్ల దగ్గర అంకెలుంటాయి. 85, 86 తీగచుట్ట కొసలు. 30కి బ్యాటరీ నుంచి ఫ్యూజు ద్వారా వచ్చే వైరు, 87కు దీపాలకు వెళ్లే వైరు. చుట్ట నిరోధం సుమారు 80 ఓమ్‌లు. కనుక స్విచ్ గుండా పోయేది 0.15 ఆంపియరే. దానికి సన్నటి వైరు చాలు. లావు వైరు డ్యాష్‌బోర్డు దాకా రాకుండా ఇంజను గదిలోని రిలే నుంచి నేరుగా ఛాసిస్ వెంబడి వెనక్కు వెళ్తుంది. 7 మీటర్లు కాస్తా 5 అయ్యాయి. 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే నష్టం 0.32 వోల్టుకు దిగుతుంది. ఐదు కాళ్ల రిలే అయితే మధ్యలో 87ఎ అని ఉంటుంది. అది స్విచ్ ఆపినప్పుడు కలిసే కాలు. దానికి కలిపితే స్విచ్ వేస్తే దీపం ఆరుతుంది, ఆపితే వెలుగుతుంది! మా ప్రయోగశాలలో ఏటా ఒక బ్యాచ్ ఈ వింత చేసి చూపించేది.

రిలే ఎందుకు అవసరమో ఇంకో కారణం. చల్లగా ఉన్న టంగ్‌స్టన్ ఫిలమెంటు నిరోధం, వెలుగుతున్నప్పటి నిరోధంలో దాదాపు పదో వంతు. అందుచేత స్విచ్ వేసిన ఆ క్షణంలో 9 ఆంపియర్ల దీపాలు తొంభై వరకు లాగగలవు. మామూలు చిన్న స్విచ్ మొనలు ఆ దెబ్బకు అతుక్కుపోవచ్చు. ఇంటి గోడ స్విచ్‌ను బండిలో పెట్టడం మరీ తప్పు. ఇంట్లోని ఏకాంతర ప్రవాహం సెకనుకు 100 సార్లు సున్నాకు వస్తుంది, కనుక మొనల మధ్య లేచిన నిప్పురవ్వ ఆరిపోతుంది. బ్యాటరీ ఇచ్చే ఏకముఖ ప్రవాహానికి ఆ విరామం లేదు. స్విచ్ మీద డి.సి. ఆంపియర్లు ఎంతో చూసి కొనండి.

రిలేను ఆపినప్పుడు తీగచుట్టలో స్వయంప్రేరణ వల్ల వంద వోల్టులు దాటిన తాకిడి పుడుతుంది. ఈనాటి బండ్లలో ఎలక్ట్రానిక్ నియంత్రణ పెట్టెలున్నాయి, వాటికి ఇది మంచిది కాదు. చుట్టకు అడ్డంగా డయోడు ఉన్న రిలేను అడగండి. అయితే అప్పుడు 85, 86లలో ఏది పాజిటివో గమనించి కలపాలి.

చేతిపనిలో కొన్ని సంగతులు

మొదట ఊడదీయవలసినది నెగెటివ్ టెర్మినల్. ఎందుకని? ముందు పాజిటివ్‌ను విప్పుతుంటే స్పానరు పొరపాటున బాడీకి తగిలితే అదే షార్ట్ సర్క్యూట్. నెగెటివ్ ముందుగా తీసేస్తే బాడీకి బ్యాటరీతో సంబంధం ఉండదు. స్పానరు ఎక్కడ తగిలినా వలయం పూర్తి కాదు. బిగించేటప్పుడు నెగెటివ్ చివర.

బాడీ ఎర్తును చాలామంది పట్టించుకోరు. వచ్చిన ప్రవాహమంతా తిరిగి వెళ్లే దారి అదే. రంగు విద్యుద్బంధకం, తుప్పు దాదాపు అంతే. ఆ చోట రేకు మెరిసేదాకా గీకి, లగ్గు వేసి బోల్టుతో బిగించి, పైన గ్రీజు పూయాలి. అక్కడ ఓమ్‌లో పదో వంతు నిరోధం మిగిలినా 9.2 ఆంపియర్లకు 0.9 వోల్టు పోతుంది, గోరంత చోట ఎనిమిదిన్నర వాట్ల వేడి పుడుతుంది.

సోల్డరింగ్ గురించి విద్యార్థులు నాతో వాదిస్తుంటారు. బల్ల మీద వలయానికి అదే మేలు. అదిరే బండిలో మాత్రం సోల్డరు పోగుల్లోకి పాకి వైరును కడ్డీలా చేస్తుంది. అది ఆగిన చోట వైరు వంగి వంగి తెగుతుంది. సరైన పనిముట్టుతో లగ్గును నొక్కి బిగించడమే నా సలహా.

వెనుక పనిదీపాలు బండి ఆపి ఉన్నప్పుడే వాడాలి. ముందువైపు స్పాట్‌లైట్లను 1989 కేంద్ర మోటారు వాహనాల నియమావళి అనుమతి లేకుండా నిషేధించింది. ప్యానెల్‌లో స్విచ్ ఖాళీగా ఉంది కదా అని వాటిని కలపవద్దు.

పరీక్ష

ఆ ఆదివారం కుర్రాడూ నేనూ మా కళాశాల షెడ్డులో వైరింగు మొత్తం తిరగ చేశాం. బ్యాటరీ కలిపే ముందు ప్రధాన ఫ్యూజు స్థానంలో ఒక 12 వోల్టుల బల్బును కలిపాం. స్విచ్‌లన్నీ ఆపి ఉండగా బల్బు వెలిగితే ఎక్కడో వైరు బాడీని తాకుతోందని అర్థం. ఎంత పెద్ద షార్టు ఉన్నా బల్బు తనకు కావలసినంత ప్రవాహాన్నే పోనిస్తుంది కాబట్టి ప్రమాదం లేదు. మా బల్బు వెలిగింది! వెతికితే, పాటల సెట్టు వెనుక టేపు చుట్టకుండా వదిలేసిన పాత వైరు కొస బ్రాకెట్టుకు ఆని ఉంది. దాన్ని కత్తిరించి కొస మూసేశాక బల్బు ఆరింది.

అప్పుడు ఫ్యూజు పెట్టి, ఇంజను నడిపి, దీపాలు వేసి కొలిచాం. బ్యాటరీ దగ్గర 13.9, దీపం కొసల మధ్య 13.4. ఆ అర వోల్టులో వైరు వాటా ఎంత, ఎర్తు వాటా ఎంత, ఫ్యూజు, రిలే మొనల వాటా ఎంత అని కుర్రాడు మీటరు తీగలు మార్చి మార్చి కొలుస్తూనే ఉన్నాడు. వాళ్ల నాన్నగారు వచ్చి, మార్కెట్టుకు వేళయిందని తాళం చెవి అడిగేదాకా.