ఉక్కు నగరంలో టుసు సంత
రంగు కాగితాల రథాల వెనక పంట డబ్బూ ఉంది, రాజకీయమూ ఉంది

చలికాలపు పండగ బజార్లంటే 1434లో మొదలైన డ్రెస్డెన్ క్రిస్మస్ సంతనో, కోల్‌కతా పార్క్ స్ట్రీట్ దీపాలనో చెప్పుకుంటారు. జంషెడ్‌పుర్‌లోనూ డిసెంబర్‌లో కేకులకు, ఉన్ని దుస్తులకు గిరాకీ ఉంటుంది. కానీ ఈ నగరం అసలైన పండగ బేరాలు మొదలయ్యేది కొత్త సంవత్సరం వచ్చాకే. మకర సంక్రాంతి దగ్గరపడేకొద్దీ సాక్చీ బజారుకు చుట్టుపక్కల పల్లెలు కదిలొస్తాయి. కొత్త బట్టలు, బెల్లం, నువ్వులు, మట్టి కుండలు, కోడిపుంజులు అన్నీ కావాలి మరి.

వీటన్నిటి మధ్య కళ్లు చెదరగొట్టేది చౌడల్. వెదురు బద్దలతో గోపురంలా కట్టి, రంగు కాగితాలు అతికించిన చిన్న రథమిది. ఇది టుసు కోసం. టుసుకు గుడి లేదు, పూజారి లేడు, మంత్రమూ లేదు. పుష్య మాసమంతా పెళ్లికాని పిల్లలు సాయంత్రాలు పాటలు పాడి కొలుస్తారు. సంక్రాంతి రోజున చౌడల్‌ను ఊరేగించి సువర్ణరేఖ, ఖర్కాయ్ లాంటి నదుల్లో నిమజ్జనం చేస్తారు. చాండిల్ దగ్గర జైదాలో సువర్ణరేఖ ఒడ్డున పెద్ద తిరునాళ్లే జరుగుతుంది. ఆ పిల్లల పాటల చోటును ఇప్పుడు చాలాచోట్ల లౌడ్ స్పీకర్ల హోరు ఆక్రమించింది. అదొక్కటే విచారం.

ఈ సందడి జనవరిలోనే ఎందుకన్నదానికి జవాబు పొలంలో ఉంది. వరి ఇంటికి చేరి, చేతిలో నాలుగు డబ్బులు ఆడే సమయమిది. మర్నాడు, మాఘ మాసం ఒకటో తేదీన, ఆఖైన్ జాత్రా. కుడ్మీ రైతులకు అదే సంవత్సరాది. ఆ రోజు పొలంలో నాగలితో రెండున్నర చుట్లు దున్ని కొత్త ఏడాదికి శ్రీకారం చుడతారు. పాలేర్ల ఏడాది ఒప్పందాలు ముగిసేదీ, మళ్లీ కుదిరేదీ ఒకప్పుడు ఈ రోజుల్లోనే.

తరాల క్రితం ఉక్కు కర్మాగారంలో పనికి వచ్చి బిష్టుపుర్, కదమా ప్రాంతాల్లో స్థిరపడ్డ తెలుగువారికి ఇదంతా పరాయిగా అనిపించదు. వాళ్లు భోగి జరుపుకొనే వేళకు పల్లెల్లో పిండివంటలు, బెల్లం పీఠాలు తయారవుతుంటాయి. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టాన్ని లెక్కచేయకుండా కోడి కాలికి కత్తి కట్టడంలోనూ ఈ పల్లెలు గోదావరి జిల్లాలకు ఏమీ తీసిపోవు.

టుసు పాటకు రాజకీయం కొత్త కాదు. బీహార్‌లోని మాన్‌భూమ్‌లో హిందీ పెత్తనానికి వ్యతిరేకంగా 1954లో జరిగిన టుసు సత్యాగ్రహంలో పాడినవాళ్లు జైలుకెళ్లారు. 1956 నవంబర్ 1న, ఆంధ్రప్రదేశ్ అవతరించిన రోజే, పురూలియా పశ్చిమ బెంగాల్‌లో కలిసింది. చాండిల్, ఈచాగఢ్, పటమదా మాత్రం బీహార్‌లోనే ఉండిపోయాయి. జంషెడ్‌పుర్ అవసరాల దృష్ట్యా వాటిని వదలవద్దని టాటా యాజమాన్యం కోరడమే కారణం. అంటే నేడు సాక్చీకి బేరానికొచ్చే పల్లెలు కొన్ని ఏ రాష్ట్రంలో ఉండాలో తేల్చింది కూడా ఈ నగరమే.

ప్రస్తుత వివాదం వేరు. 1931 జనగణనలో తమను తెగగా లెక్కించి, 1950 నాటి షెడ్యూల్డ్ తెగల జాబితాలో తప్పించారన్నది కుడ్మీల వాదన. 2022 సెప్టెంబర్‌లో, 2023 ఏప్రిల్‌లో, మళ్లీ 2025 సెప్టెంబర్‌లో పట్టాలపై బైఠాయించి రైళ్లు ఆపారు. వాళ్లను జాబితాలో చేరిస్తే తమ వాటాకు గండి పడుతుందని ఆదివాసీ సంఘాలు గట్టిగానే ప్రతిఘటిస్తున్నాయి. అందుకే బిష్టుపుర్ గోపాల్ మైదానంలో జరిగే టుసు మేళాలో చౌడల్‌ల పోటీ ఒక వినోదం మాత్రమే కాదు, జనబలం చూపించే చోటు కూడా. నాయకులు వేదికెక్కేది ఊరికే కాదు. తదుపరి జనగణనలో కులాలనూ లెక్కించాలని కేంద్రం 2025లో నిర్ణయించాక ఆ వేదిక విలువ ఇంకాస్త పెరిగింది.