నాలుగో మాట, ఒక కెనడా తగాదా

శుభ శుక్రవారం నాడు తెలుగు సంఘాల్లో, కాకినాడలోనైనా టొరంటో శివార్లలోనైనా, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటలను ధ్యానించడం ఆనవాయితీ. మొదటిది క్షమాపణ, రెండోది పరదైసు. వీటితో ప్రసంగికులకు పెద్ద ఇబ్బంది ఉండదు. నాలుగోది మాత్రం, దేవుడు తన చెయ్యి ఎందుకు విడిచాడని యేసు వేసిన కేక. అది వంతుకొచ్చినవారు తరచు మన పాపాల మీదికి మళ్లి, సమయం అయిపోయిందని కూర్చుంటారు. వాళ్లను తప్పు పట్టలేం. యేసే దేవుడైతే ఎవరు ఎవర్ని విడిచినట్టు? దేవుడికి నొప్పి తెలుస్తుందా? దేవుడి నుంచి శాశ్వత ఎడబాటు అనే నరకం ఎలాంటిది?

ఇవి మూడు ప్రశ్నల్లా కనిపిస్తాయి గానీ ఒకదానికి జవాబు మారిస్తే మిగతా రెండూ కదులుతాయి. ఈ సంగతి కెనడాలో బాగా బయటపడింది.

ముందు పాత జవాబు. దేవుడు మారడు, బాధకు లోబడడు అన్నారు తొలి శతాబ్దాల సంఘ పండితులు. ఇది రాతిగుండె సిద్ధాంతమని తేలిగ్గా అనేస్తాం. వాళ్ల భయం వేరు. చుట్టూ ఉన్న గ్రీకు దేవతలు అలుగుతారు, అసూయపడతారు, కోపమొస్తే ఊళ్ల మీద పడతారు. (పురాణాలు చదివిన మనకిదేం కొత్త కాదు.) అలాంటి ఉద్రేకాలు లేనివాడి ప్రేమే నమ్మదగినదని వాళ్ల వాదన. మరి సిలువ సంగతి? దైవస్వభావం, మానవస్వభావం కలగాపులగం కాకుండా, విడిపోకుండా యేసు అనే ఒకే వ్యక్తిలో ఉన్నాయని 451లో కల్సెదోను సభ తేల్చింది. బాధపడింది ఆ వ్యక్తే, కానీ మానవస్వభావంలో. తండ్రే సిలువెక్కాడన్న వారిని అంతకు చాలా ముందే తప్పుబోధకులన్నారు. లెక్క సరిపోయింది. ఆ కేకకు మాత్రం లెక్కలో గడి దొరకలేదు.

20వ శతాబ్దపు యుద్ధాలు ఆ గడిని మళ్లీ వెతికించాయి. జపాన్ వేదాంతి కితామోరి 1946లో దేవుడి నొప్పి గురించి రాశాడు. యుద్ధఖైదీగా గడిపిన జర్మన్ వేదాంతి మోల్ట్‌మన్ 1972లో, సిలువ దగ్గర కొడుకు తండ్రిని పోగొట్టుకుంటే తండ్రి కొడుకును పోగొట్టుకున్నాడని వాదించాడు.

ఇక కెనడా. అక్కడి బాప్టిస్టులు మనకు పాత పరిచయమే: 1874లో జాన్ మెక్లారిన్ కాకినాడలో మిషన్ మొదలుపెట్టింది వాళ్ల తరఫునే. అదే బాప్టిస్టు పరంపరకు చెందిన హామిల్టన్‌లోని మెక్‌మాస్టర్ డివినిటీ కాలేజీలో క్లార్క్ పినాక్ (1937–2010) చాలా ఏళ్లు బోధించారు. 1994లో మరో నలుగురితో కలిసి ‘ది ఓపెన్‌నెస్ ఆఫ్ గాడ్’ వెలువరించారు. దేవుడు మనుషులకు నిజమైన స్వేచ్ఛే ఇచ్చాడు కాబట్టి వాళ్లు రేపు ఏం ఎంచుకుంటారన్నది ఆయనకు కూడా ఇంకా తేలని విషయమే, ప్రార్థన ఆయన్ను కదిలిస్తుంది, తిరుగుబాటు నొప్పిస్తుంది అన్నారు. 2001 నాటి పుస్తకానికి ‘మోస్ట్ మూవ్డ్ మూవర్’ అని పేరు పెట్టారు. తాను కదలకుండా అన్నిటినీ కదిలించే అరిస్టాటిల్ దేవుడికి అది చురక. 2003లో, ఆయన సభ్యుడిగా ఉన్న ఎవాంజెలికల్ థియలాజికల్ సొసైటీ ఆయన్ను ఉంచాలా తీసెయ్యాలా అని ఓటు పెట్టింది. సభ్యత్వం నిలిచింది. దేవుడికి రేపటి సంగతి తెలుసా లేదా అన్న తగాదాలో పినాక్ సంగతిని ఓట్లు లెక్కపెట్టి తేల్చుకున్నారు.

మాంట్రియల్‌లోని మెక్‌గిల్‌లో డగ్లస్ జాన్ హాల్ ఇంకో దారి పట్టారు. దేవుణ్ణి మహిమలో కాక సిలువలో వెతకమని 1518లో లూథర్ చెప్పినదాన్ని ఉత్తర అమెరికా సుఖజీవనానికి ఎదురు నిలబెట్టారు. 1986 నాటి పుస్తకంలో బాధలన్నీ పాపఫలాలు కావన్నారు. ఒంటరితనం, పరిమితులు, శోధన, ఆందోళన అనే నాలుగూ మనిషి మనిషిగా ఎదగడానికి సృష్టిలోనే ఉన్నవట. ఆదాము ఒంటరిగా ఉండటం మంచిది కాదని దేవుడు అన్నది పండు తినక ముందే కదా.

ఇప్పుడు నరకం. దేవుడు నొచ్చుకుంటాడని ఒప్పుకుంటే, అంతులేని యాతన అంటే దేవుడికీ అంతులేని దుఃఖమే. పినాక్ ఇక్కడ తడబడలేదు. దేవుణ్ణి చివరిదాకా కాదన్నవారు నిత్యం కాలుతూ ఉండరు, ఉనికే లేకుండా పోతారని 1992లో వాదించారు. అదే ఏడాది వచ్చిన కాథలిక్ ధర్మోపదేశ గ్రంథం నిత్యశిక్షను వదల్లేదు గానీ, నరకమంటే మనిషి తనను తానే దేవుడికి దూరం చేసుకోవడమంది. యునైటెడ్ చర్చ్ ఆఫ్ కెనడా 1968 నాటి విశ్వాసప్రమాణంలో బతుకులోనూ చావులోనూ ఆ తర్వాతా దేవుడి తోడు ఉంటుందని రాసుకుంది. ఆ సంఘమే, దేవుడు లేడన్న టొరంటో పాస్టరు గ్రెటా వోస్పర్‌ను కొన్నేళ్లు విచారించి 2018లో రాజీపడి కొలువులో కొనసాగనిచ్చింది. దేవుడితో ఎడబాటును ఇంత మర్యాదగా సర్దుకోవడం కెనడావాళ్లకే చేతనవుతుందేమో.

దేవుడూ బాధపడతాడన్న కొత్త జవాబుకూ ఖర్చుంది. బావిలో పడ్డవాడి పక్కనే ఇంకొకడు మునుగుతుంటే తోడు దొరుకుతుంది, ఒడ్డు దొరకదు. అందుకే దేవుడు బాధపడడన్న పాత వాదాన్ని థామస్ వైనాండీ వంటి కాథలిక్ పండితులు మళ్లీ గట్టిగా నిలబెట్టారు. బాధకు లొంగిపోనివాడే బాధను అంతం చెయ్యగలడని వాళ్ల మాట.

కాబట్టి పాత పక్షం కేక దగ్గర మూల్యం చెల్లిస్తే, కొత్త పక్షం నిరీక్షణ దగ్గర చెల్లిస్తుంది. రోగి మంచం పక్కన నిలబడి ‘అంతా దేవుడి చిత్తం’ అనేవారు, ఆ చిత్తానికి రోగి నొప్పి తగులుతుందో లేదో చెప్పాలి. ‘దేవుడూ మీతో ఏడుస్తున్నాడు’ అనేవారు, ఆ ఏడుపు ఎప్పటికి ఆగుతుందో చెప్పాలి. ఎవరైనా ఆ జవాబు చెప్పకుండా ఓదార్పు మాట ఒక్కటే చెప్పి వచ్చేస్తే అది పరామర్శ అవుతుందేమో గానీ వేదాంతం కాదు.