సముద్రతీరమున సూర్యోదయ చిత్రణము

మన ఆంధ్రదేశమునకు తూర్పున బంగాళాఖాతము గలదు. ఇచ్ఛాపురము మొదలు తడ వరకు గల తీరవాసులకు సూర్యుడు సముద్రమునుండి వెలువడుట నిత్యదృశ్యము. ఆ దృశ్యమును ఛాయాచిత్రముగా నిలుపుకొనవలెనని పెక్కుమంది ఉవ్విళ్ళూరుదురు. కాని తీసిన చిత్రమును చూచి, "నేను చూచినది ఇది కాదే!" యని నిరుత్సాహపడువారే ఎక్కువ. దీనికి కారణమేమి?

కంటికిని కెమెరాకును గల భేదమే దీనికి కారణము. మన కన్ను వెలుగుచున్న ఆకాశమును, చీకటిగానున్న నీటిని మార్చి మార్చి చూచుచు, ఆయా వెలుతురునకు తగినట్లు సర్దుకొనును. మనస్సు ఆ రెంటిని కలిపి ఒక్క దృశ్యముగా గ్రహించును. కెమెరా సామాన్యముగా ఆకాశమును, నీటిని ఒకే కొలతతో గ్రహించును. ఆకాశమునకు సరిపడు కొలత పెట్టినచో సముద్రము నల్లబడును. సముద్రమునకు సరిపడు కొలత పెట్టినచో ఆకాశము తెల్లకాగితమువలె వెలవెలబోవును.

ఈ చిక్కు నేటిది కాదు. 19వ శతాబ్దమున సముద్రదృశ్యములను చిత్రించి ప్రసిద్ధికెక్కిన గుస్తావ్ లె గ్రే అను ఫ్రెంచి ఛాయాగ్రాహకునకును ఇది ఎదురయ్యెను. ఆనాటి గాజుపలకలపై పూయు రసాయనము నీలికాంతికి అతిత్వరగా లోనగుచుండెడిది. అందుచే ఆయన 1857 ప్రాంతమున కొన్ని చిత్రములకై ఆకాశమునకొకటి, సముద్రమునకొకటిగా రెండు పలకలను తీసి, రెంటిని ఒకే కాగితముపై కలిపి అచ్చొత్తెను. నేటి సెల్‌ఫోనులు పెక్కు వరుసగా కొన్ని చిత్రములను తీసి, వానిని రెప్పపాటులో ఒకటిగా కూర్చుచున్నవి. పనిముట్టు క్రొత్తదైనను ఉపాయము పాతదే.

ఎట్టి కెమెరా యున్నను, పెందలకడ తీరము చేరుట మేలు. మన ప్రాంతమున సూర్యోదయమునకు 20 నిమిషములకు పైగా ముందే సూర్యుడు క్షితిజరేఖకు 6 డిగ్రీల క్రిందికి చేరియుండును. అప్పటినుండి ఆకాశము క్రమక్రమముగా రంగులు దాల్చును. ఆ వేళ ఆకాశమునకును నీటికిని వెలుతురులో తారతమ్యము తక్కువ. కావున రెండును ఒకే చిత్రమున ఇముడును. అయితే వెలుతురు స్వల్పమగుటచే కెమెరా తలుపును ఎక్కువసేపు తెరచియుంచవలెను. చేయి కదలినచో చిత్రము చెదరును. మూడుకాళ్ళ స్టాండుపైనో, ఒడ్డుకు లాగిన పడవ అంచుపైనో కెమెరాను ఆనించుట మంచిది. రెండు మూడు సెకండ్లు తలుపు తెరచియుంచినచో అలలు పొగమంచువలె మెత్తబడి, ప్రాతఃకాలపు ప్రశాంతత చిత్రమున గోచరించును.

ఉదయవేళ సూర్యకాంతి మిక్కిలి దట్టమైన వాయువు గుండా వచ్చును. దారిలో నీలికాంతి చెదరిపోగా, ఎరుపు మనకు మిగులును. సూర్యబింబము పూర్తిగా పైకి వచ్చుటకు మన ప్రాంతమున రెండు నిమిషములకు కొంచెము పైగా పట్టును. కావున స్థలము ముందుగనే నిర్ణయించుకొనవలెను. విశాఖ తీరము నైరృతినుండి ఈశాన్యమునకు సాగినది. సూర్యుడు డిసెంబరులో తూర్పునకు దక్షిణముగా, సముద్రము మీదుగా పొడచూపును; జూనులో ఉత్తరముగా జరిగి, తీరరేఖకు చేరువగా ఉదయించును.

చిత్రమున ఒక తెప్పయో, వల సర్దుకొను జాలరియో నల్లని ఆకృతిగా నిలిచినచో సముద్రపు విస్తారము తెలియును. కాని వారి పనికి అడ్డుతగులరాదు.

విద్యార్థులారా, మూడు జాగ్రత్తలు మరువకుడు. సూర్యుడు పైకి వచ్చిన పిదప కెమెరా కటకముగుండా అతనిని నేరుగా చూడరాదు. కంటికి శాశ్వతమైన హాని కలుగవచ్చును. సముద్రమునకు వీపు చూపి నిలువరాదు. పాచిపట్టిన రాళ్ళపై అడుగిడరాదు. చిత్రముపై ధ్యాసతో కెరటమును గమనింపక ప్రాణములు కోల్పోయినవారు గలరు.

ఒకనాడు మబ్బు కమ్మవచ్చును. ఒకనాడు మంచు మూయవచ్చును. అట్టి దినమున చిత్రము లభింపకున్నను, వెలుతురు మారెడి తీరును పరిశీలించినవానికి ఆ వేకువ వ్యర్థము కాదు. అట్లు కొన్ని దినములు ఓర్పుతో చూచినవాడే మంచి చిత్రమును తీయగలడు.