రంగస్థలం నుంచి వెండితెర దాకా: స్వరా భాస్కర్ నట ప్రస్థానం

దక్షిణ ఢిల్లీలోని బేర్ సరాయ్ పుస్తకాల దుకాణాలకు, సివిల్ సర్వీసుల అభ్యర్థులకు పేరుపొందిన ప్రాంతం. దానికి ఆనుకుని ఉన్న జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలోనే సినీనటి స్వరా భాస్కర్ సమాజశాస్త్రంలో ఎం.ఏ. చదివారు. ఆమె తండ్రి, నౌకాదళ విశ్రాంత అధికారి ఉదయ్ భాస్కర్ తెలుగువారు. తల్లి ఇరా భాస్కర్ అదే విశ్వవిద్యాలయంలో సినిమా అధ్యయన ఆచార్యులుగా పనిచేశారు.

ముంబయి వెళ్లకముందు స్వర ఢిల్లీలో ఎన్.కె.శర్మ నిర్వహించే ‘యాక్ట్ వన్’ నాటక బృందంలో పనిచేశారు. తెలుగు ప్రేక్షకులకు సుపరిచితులైన మనోజ్ బాజ్‌పాయ్, ఆశిష్ విద్యార్థి వంటి నటులు కూడా ఆ బృందం నుంచి వచ్చినవారే. రంగస్థలంపై రెండో టేక్ ఉండదు. చివరి వరుసలోని ప్రేక్షకుడికి సైతం మాట, భావం అందాలి. అక్కడ అలవడే ఈ క్రమశిక్షణ తెరపైనా నటులకు అక్కరకు వస్తుంది.

వాణిజ్య చిత్రాలు ఆమెకు గుర్తింపునిచ్చినా కథానాయిక స్థానాన్ని మాత్రం ఇవ్వలేదు. ‘తను వెడ్స్ మను’ (2011)లో నాయిక స్నేహితురాలిగా, ‘రాంఝణా’ (2013)లో నాయకుణ్ణి ప్రేమించే బిందియాగా, ‘ప్రేమ్ రతన్ ధన్ పాయో’ (2015)లో చెల్లెలిగా ఆమె కనిపించారు. పెద్ద పెట్టుబడి పెట్టే నిర్మాతలు సాధారణంగా పేరున్న తారలనే నాయికలుగా ఎంచుకుంటారు. దాంతో సమర్థులైన ఎందరో నటీమణులు సహాయ పాత్రలకే పరిమితమవుతున్నారు.

ఈ పరిధిని దాటే అవకాశం ఆమెకు తక్కువ వ్యయంతో తీసిన చిత్రాల్లో దొరికింది. అశ్వినీ అయ్యర్ తివారీ దర్శకత్వం వహించిన ‘నిల్ బట్టే సన్నాటా’ (2016)లో ఆమె ఆగ్రాలో ఇళ్లలో పనిచేసే చందా పాత్ర పోషించారు. పనిమనిషి కూతురు పనిమనిషే అవుతుందనుకునే బిడ్డకు చదువు విలువ తెలియజెప్పడానికి ఆ తల్లి అదే బడిలో, అదే పదో తరగతిలో చేరుతుంది. కూతురు సివిల్ సర్వీసుల ఇంటర్వ్యూకు చేరుకోవడంతో కథ ముగుస్తుంది. బేర్ సరాయ్ గదుల్లో చదువుకునే ఎన్నో కుటుంబాల బిడ్డల ఆశ కూడా అదే. ఈ చిత్రాన్ని అదే దర్శకురాలు తమిళంలో ‘అమ్మా కణక్కు’గా పునర్నిర్మించారు. మరుసటి ఏడాది వచ్చిన ‘అనార్కలీ ఆఫ్ ఆరా’లో, వేదికపైనే తనను అవమానించిన ఉపకులపతిని ఎదిరించే గాయనిగా స్వర నటించారు.

బుల్లితెరపై ఆమె చేసిన పని వేరు తరహాది. రాజ్యాంగ సభ చర్చల ఆధారంగా శ్యామ్ బెనెగల్ రూపొందించిన పది భాగాల ‘సంవిధాన్’ 2014లో రాజ్యసభ టీవీలో ప్రసారమైంది. అందులో ఆమె వ్యాఖ్యాతగా వ్యవహరించి, రాజ్యాంగ రచన వెనుక సాగిన వాదోపవాదాలను ప్రేక్షకులకు పరిచయం చేశారు.

నాటకం శిక్షణనిచ్చింది, వాణిజ్య చిత్రం ప్రాచుర్యం కల్పించింది, చిన్న చిత్రం ప్రధాన పాత్రను అందించింది. చిన్న చిత్రాలకు థియేటర్లు, నాటక బృందాలకు వేదికలు దొరికితేనే ఇటువంటి మరెందరో నటీమణుల ప్రతిభ వెలుగులోకి వస్తుంది.