అండమాను యాత్రకు ముందు అడుగవలసిన ప్రశ్న

విశాఖ తీరమునకు సుమారు 1,200 కిలోమీటర్ల దూరమున అండమాను దీవులున్నవి. బారాటాంగ్‌లో మడ అడవుల నడుమ పడవపై సాగి చేరవలసిన సున్నపురాతి గుహలు, బురద ఉబుకుచుండు గుంటలు, 2018లో స్వరాజ్ ద్వీపముగా పేరు మారిన హేవ్‌లాక్‌లోని రాధానగర్ తీరము తప్పక చూడదగినవి. అయితే సముద్రయానము అందరి శరీరమునకు ఒకే విధముగా సరిపడదు.

కొన్ని సంవత్సరముల క్రిందట ఉక్కునగరము నుండి ఒక విశ్రాంత ఉద్యోగి సతీసమేతముగా నా వద్దకు వచ్చిరి. "శాస్త్రిగారూ, ఓడలో మా ఆవిడకు వాంతులు కాకుండా ఏదైనా చెప్పండి" అనిరి. శొంఠి వాడుమని, కడుపు తేలికగా ఉంచుమని చెప్పి పంపితిని. ఆమె మధుమేహమునకు మాత్రలు వాడుచున్న సంగతి నేనడుగలేదు. ఓడలో ఆమె ఆహారము మానిరి గాని మాత్ర మానలేదు. రెండవ దినమున చెమటలు పట్టి, మాట తడబడి, స్పృహ తప్పిరి. ఓడలోని వైద్యుడు గ్లూకోజు ఎక్కించి కాపాడెను. దర్శనము, స్పర్శనము, ప్రశ్నము అను మూడు పరీక్షలను గురుకులమున నేర్చిన నేను మూడవదానిని మరచితిని. దోషము నాదే.

కావున పాఠకులకు మనవి.

పడవ ఎక్కుటకు అరగంట ముందు పావుచెంచా శొంఠిపొడిని గోరువెచ్చని నీటితో సేవించవలెను. రక్తము పలుచబరచు మందులు వాడువారు ముందుగా తమ వైద్యుని అడుగవలెను. ఓడ నడిమి భాగమున కూర్చుండి, దూరమున దిగంతమును చూచుచుండిన వికారము తగ్గును. వాంతులైనచో పేలాల జావ కొంచెము కొంచెముగా త్రాగవలెను.

మధుమేహులు ఉపవాసము చేయరాదు. ఆహారము నిలువనప్పుడు మాత్రగాని ఇన్సులిన్‌గాని ఎంత తగ్గించవలెనో ప్రయాణమునకు ముందే వైద్యుని అడిగి వ్రాసికొనవలెను. వణుకు, చెమట, తబ్బిబ్బు కనిపించినచో వెంటనే మూడు చెంచాల పంచదారను నీటిలో కలిపి ఇవ్వవలెను. పదునైదు నిమిషములలో తేరుకొననిచో మరల ఇవ్వవలెను. స్పృహ లేనివారి నోట ఏమియు పోయరాదు, వైద్యుని పిలువవలెను.

ఆ దంపతులు మరుసటి సంవత్సరము తిరిగి వెళ్ళి గుహలు చూచి వచ్చిరి. బయలుదేరుటకు ముందు నా వద్దకు వచ్చినప్పుడు, ఆమె మాత్రల చీటీని తామే ముందుగా నా చేతిలో పెట్టిరి.