బ్రేక్ డాన్స్ ఎక్కితే తల ఎందుకు తిరుగుతుంది?



సంక్రాంతి సెలవుల తర్వాత మా తొమ్మిదో తరగతి వాళ్ళం విహారయాత్రకు హైదరాబాదు వెళ్ళిన సంగతి మీకు తెలిసిందే. అక్కడ నాంపల్లిలో నుమాయిష్ చూశాం. ఈ ఎగ్జిబిషన్ 1938లో మొదలైంది. అందులో నేను బ్రేక్ డాన్స్ అనే ఆట ఎక్కాను. దాని గురించి ఈ వ్యాసంలో వివరిస్తాను.

మన నాగోబా జాతరలో రంగుల రాట్నం మీరంతా ఎక్కే ఉంటారు. దానిది ఒకటే తిరుగుడు. బ్రేక్ డాన్స్‌లో మూడు తిరుగుళ్ళు ఉంటాయి. కింద పెద్ద పళ్ళెం లాంటి వేదిక ఒక వైపు తిరుగుతుంది. దాని మీద కూడిక గుర్తు లాంటి ఇనుప చట్రాలు ఎదురు వైపు తిరుగుతాయి. ఒక్కో చట్రానికి నాలుగు డబ్బాలు. ఈ డబ్బాలకు వేరే మోటారు ఉండదు. కూర్చున్న వాళ్ళ బరువును బట్టి అవే గిర్రున తిరుగుతాయి. అందుకే ఎప్పుడు ఎటు తిప్పుతుందో ముందే చెప్పలేం. ఇలాంటి యంత్రాన్ని జర్మనీలోని హుస్ కంపెనీ 1985లో తెచ్చింది.

నా బెంచీ మిత్రుడు "నేను ఎక్కను రా, నాకు బస్సులోనే కడుపులో తిప్పుతది" అన్నాడు. నేను అందరి ముందు వాణ్ణి పిరికోడు అన్నాను. అందరూ నవ్వారు. నాలుగు మిర్చి బజ్జీలు తిని, మా క్లాసులో లావుపాటి వాడితో కలిసి ఎక్కాను.

మొదట బాగానే ఉంది. వేగం పెరిగాక వాడు వచ్చి నా మీద పడ్డాడు. ఇనుప కడ్డీ గట్టిగా పట్టుకున్నా ఆగలేదు. దీనికి కారణం జడత్వం. మన శరీరం తిన్నగా పోవాలని చూస్తుంది, డబ్బా మాత్రం వంపు తిరుగుతుంది. ఘాట్ రోడ్డు మలుపులో బస్సులో మనం పక్కకు ఒరగడం కూడా ఇదే. కాబట్టి బరువైన వాడు బయటి వైపు, సన్నటి వాడు లోపలి వైపు కూర్చోవాలి. మేం తిరగేసి కూర్చున్నాం!

దిగాక కూడా భూమి తిరుగుతూనే ఉంది. నేను కింద కూలబడి వాంతి చేసుకున్నాను. అప్పుడు నా తల పట్టుకున్నదీ, నీళ్ళు తెచ్చి మొహం కడిగిందీ ఎవరో తెలుసా? నేను పిరికోడు అన్న ఆ మిత్రుడే. ఒక్క మాట కూడా దెప్పలేదు.

తిరిగి వచ్చాక సైన్సు సారును అడిగితే చెప్పారు. మన లోపలి చెవిలో మూడు అర్ధవర్తుల కుల్యలు ఉంటాయి. వాటిలో ద్రవం ఉంటుంది. గ్లాసు నీళ్ళలో చిన్న ఆకుముక్క వేసి గ్లాసును తిప్పి చూడండి. మొదట ఆకు కదలదు. కాసేపు తిప్పి ఆపితే గ్లాసు ఆగినా ఆకు తిరుగుతూనే ఉంటుంది. చెవిలోనూ అంతే. కళ్ళు "ఆగాం" అంటాయి, చెవి "తిరుగుతున్నాం" అంటుంది. మెదడు తికమక పడుతుంది, కడుపులో తిప్పుతుంది. ఇది కొందరికి ఎక్కువ, కొందరికి తక్కువ. ధైర్యానికీ దీనికీ సంబంధం లేదు.

కనుక మిత్రులారా, కడుపు నిండా తిని ఎక్కకండి. కడ్డీ బిగించారో లేదో చూసుకోండి. ఆగే దాకా లేవకండి. గుండె జబ్బు, ఫిట్స్ ఉన్నవాళ్ళు ఎక్కరాదు. దిగాక ఒకచోట కూర్చొని కదలని వస్తువు వైపు చూడండి. ఎవరైనా వద్దంటే బలవంతం చేయకండి.

అందరి ముందు అన్నాను కాబట్టి అందరూ చదివే ఈ గోడ మీదే రాస్తున్నాను. ఒరేయ్, నన్ను క్షమించు రా.

– తొమ్మిదో తరగతి విద్యార్థి